విమానం దిగినాంక ఎట్ల పోవల్ల?

దేవనహళ్లి విమానాశ్రయం నుంచి బెంగళూరు వైపు మెట్రో పట్టాలు పడుతున్నాయి. అదే విమానం దిగి అటు కాకుండా ఇటు రావలసిన అనంతపురం పెట్టెల సంగతేమిటి?

తెల్లవారుజామున గల్ఫ్ విమానాలు దిగే వేళకు ఆ కెంపేగౌడ విమానాశ్రయం బయట నిలబడి చూడండి. బెంగళూరు వాళ్లెవరో, మనవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. వాళ్లు ఫోన్ చూసుకుంటూ, చక్రాల పెట్టెను ఒంటిచేత్తో లాక్కుంటూ టాక్సీల వైపు నడిచిపోతుంటారు. మనవాళ్లు ట్రాలీ పక్కన ఆగిపోతారు. ట్రాలీలో ఒక అట్టపెట్టె. బ్రౌన్ టేపు పది చుట్లు చుట్టి, నైలాన్ తాడు బిగించి, స్కెచ్‌పెన్నుతో పేరూ ఊరూ ఫోన్ నంబరూ రాసి ఉంటుంది. దాని కింద సూట్‌కేసు, దాని మీద జిప్పు కవర్లో రెండు మెత్తటి దుప్పట్లు. కదిరి, తనకల్లు, ముదిగుబ్బ, గోరంట్ల. పెట్టె మీది ఊరి పేరు చదివితే ఆ మనిషి ఇంకెంత దూరం పోవాలో తెలిసిపోతుంది.

ఊరి నుంచి బండి మాట్లాడుకుని ఎవరైనా వచ్చుంటే సరే. ఆ బండిలోంచి డ్రైవరు ఒక్కడే దిగడు. బామ్మర్ది, చిన్నాయన, ఎప్పుడూ విమానం చూడని ఇద్దరు పిల్లలు కూడా దిగుతారు. పోయేటప్పుడు పెట్టెలు ఎక్కించాక మనుషులకు చోటు చాలదు. బాడుగ, టోల్, దోవలో టిఫిన్లు కలిపితే వేలల్లో తేలుతుంది. ఆ సంగతి ఆ పూట ఎవరూ ఎత్తరు. బండి రాకపోతే మాత్రం సంభాషణ ఇట్లా ఉంటుంది:

“అన్నా, అనంతపురం బస్సు ఈడికి వస్తాదా?”

“ఈడికి రాదన్నా. హైవే మీదికి పోవల్ల.”

“ఇన్ని పెట్టెలేసుకోని ఎట్ల పోయేదన్నా?”

రైలు రవాణా మీద నిపుణులు రాసే నివేదికల్లో ఇంత సూటి ప్రశ్న నాకెక్కడా కనబడలేదు. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రైలు అనగానే అందరూ నిమిషాలు లెక్కపెడతారు, కిలోమీటర్లు లెక్కపెడతారు. కిలోలు లెక్కపెట్టేవాళ్లు తక్కువ. చేతిలో ఏమీ లేని మనిషికి ఏ రైలైనా మంచిదే. రైలు గుణం తెలియాలంటే చెరో చేత్తో ఇరవై కిలోల పెట్టె పట్టుకున్నవాడు ఎక్కి చూడాలి.

మనవైపు జరిగిన విమానాశ్రయం

అనంతపురం పట్టణానికి రోజూ ప్రయాణికుల విమానాలు దిగే చోటు లేదు. పుట్టపర్తిలో 1990లో సత్యసాయి ట్రస్టు కట్టిన విమానాశ్రయం ఉంది కానీ, అక్కడ దిగేవి ఎక్కువగా ప్రముఖుల విమానాలు, చార్టర్లు. కాబట్టి ఉమ్మడి అనంతపురం జిల్లాకు విమానాశ్రయమంటే బెంగళూరే. ఒకప్పుడు అది ఊరికి తూర్పున ఉన్న హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం. అక్కడ దిగితే నగరం మొత్తం ఈదుకుని హెబ్బాళ దాటితే గానీ మన దారి మొదలయ్యేది కాదు. 2008 మే 24న విమానాలు దేవనహళ్లికి మారాయి. నడిబొడ్డు నుంచి దాదాపు 35 కిలోమీటర్లు, అదీ ఉత్తరానికి. ఇంత దూరమేమిటని బెంగళూరు వాళ్లు ఇప్పటికీ సణుగుతుంటారు. మనకు మాత్రం అది కలిసొచ్చింది. ఏ ప్రభుత్వమూ మనకు విమానాశ్రయం ఇవ్వలేదు. పక్క రాష్ట్రం తన అవసరానికి కట్టుకున్నది మన గుమ్మం వైపు జరిగిందంతే.

విమానాశ్రయం గేటు దాటి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఉత్తరానికి తిరిగితే చాలు. ఎడమన నంది కొండలు, తర్వాత చిక్కబళ్లాపురం, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు, పెనుకొండ, రాప్తాడు. 180 కిలోమీటర్లు అటూ ఇటూగా అనంతపురం. రాష్ట్రం సరిహద్దు కొడికొండ దగ్గర ఉంటుందే గానీ తెలుగు దానికి చాలా ముందే మొదలవుతుంది. బాగేపల్లి హోటల్లో కన్నడ బోర్డు కింద కూర్చుని తెలుగులోనే దోసె చెప్పుకోవచ్చు.

చిక్కేమిటంటే, ఈ విమానాశ్రయానికి వేస్తున్న ప్రతి రైలు గీతా దక్షిణానికే పోతుంది. బెంగళూరు మెట్రో నీలి లైను సిల్క్‌బోర్డు నుంచి కె.ఆర్. పురం, హెబ్బాళ మీదుగా టెర్మినల్ దాకా 58 కిలోమీటర్లు. 2021 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం రూ.14,788 కోట్ల అంచనాతో ఒప్పుకుంది, పనులు నడుస్తున్నాయి. సబర్బన్ రైలు పథకానికి 2022 జూన్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. అందులో మొదటి కారిడార్ మెజిస్టిక్ దగ్గరి స్టేషన్ నుంచి దేవనహళ్లికి, 41 కిలోమీటర్లు. అది ఇంకా కాగితాల మీదే ఎక్కువగా ఉంది. రెండూ పూర్తయిన రోజున ఎం.జి. రోడ్డు పక్కన హోటల్లో గది తీసుకున్న వ్యాపారికి పండగే. ఆ పండగను తప్పుపట్టాల్సిన పని లేదు. నగరానికి తన జనం ముందు. కానీ దిగినవాళ్లందరూ నగరానికే పోతారన్న లెక్క తప్పు.

ఆకాశంలో 46 కిలోలు, నేల మీద 15

అమెరికా వెళ్లొచ్చే పిల్లలకు మామూలుగా 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు తెచ్చుకోనిస్తాయి విమాన సంస్థలు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు 30 కిలోలకు తగ్గకుండా సర్దుకుంటారు. చేతి సంచి వేరే. బెంగళూరు మెట్రో నిబంధన ఏమంటుందంటే, 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 25 ఎత్తు, 15 కిలోలు దాటని సంచి ఒకటి. దానికి మించితే లగేజీకీ టికెట్టు కొనాలి. స్కానరు దగ్గర పెట్టె పట్టకపోయినా, సిబ్బంది అడ్డం చెప్పినా అక్కడే ముప్పై రూపాయల గొడవ. ఆఫీసు సంచులతో పోయే జనం కోసం రాసుకున్న నిబంధన అది, ఊళ్లో తిరిగే మెట్రోకు సబబే. విమానాశ్రయం లైనుకు దాన్ని సడలించక తప్పదు. సడలించినా పెట్టెలు పెట్టుకునే చోటు బోగీలోనే కల్పించకపోతే లాభం లేదు. తలుపు పక్కన నిలబెట్టిన పెట్టె హెబ్బాళలో ఎక్కే జనానికి అడ్డం, పెట్టెగలవాడికి తిట్లు.

ఇప్పుడు పాత రైల్వే చూడండి. సెకండ్ క్లాసులో ఉచితంగా 35 కిలోలు, స్లీపర్లో 40 కిలోలు. తూకం వేసేవాడు ఎలాగూ కనబడడు. మనదేశంలో లగేజీ మోసే పేదవాణ్ణి ఎరిగిన రవాణా ఏదైనా ఉందంటే అది ఆ నీలిరంగు ప్యాసింజరే. ఈ సీమకు ఆ రైలు వచ్చిన కథ కూడా ఆకలి కథే. 1876–78 నాటి ధాత కరువులో గింజలున్న చోటి నుంచి లేని చోటికి చేరవేసే దారి లేక జనం రాలిపోయారు. 1880 నాటి కరువు కమిషన్ మెట్ట ప్రాంతాలకు రైలుమార్గాలు వేయమంది. 1890ల తొలి ఏళ్లలో గుంతకల్లు నుంచి ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగళూరు దిక్కు మీటరుగేజి పడింది. 1980లలో బ్రాడ్‌గేజి అయింది. గింజలు లోపలికి తేవడానికని వేసిన పట్టాల మీద తర్వాత మనుషులు బయటికి పోయారు. రెండు రుతుపవనాలూ సరిగా తాకని నేల ఇది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన అటూ ఇటూ. వేరుశనగ పోయిన ఏడు రాగిపిండి మూట, స్టవ్వు, రెండు గిన్నెలు, పార గోనెసంచిలో కట్టుకుని బెంగళూరు కట్టడాలకు పోయే కుటుంబాలు ధర్మవరం ప్లాట్‌ఫారం మీద ఇప్పటికీ కనిపిస్తాయి. అట్టపెట్టె ఆ గోనెసంచి తర్వాతి తరం.

లైట్ రైల్వే అక్కడ వందేళ్ల కిందటే ఉంది

ఇందులో ఒక తమాషా ఉంది. విమానాశ్రయానికి లైట్ రైలు కావాలని ఇవాళ అంటున్నాం. ఆ ప్రహరీ పక్కనుంచే వందేళ్ల కిందట ఒక లైట్ రైల్వే నడిచింది. మైసూరు సంస్థానం కాలంలో, 1915 ప్రాంతంలో, యశ్వంతపూర్ నుంచి యలహంక, దేవనహళ్లి మీదుగా చిక్కబళ్లాపురానికి రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు వేశారు. దాని పేరే బెంగళూరు–చిక్కబళ్లాపురం లైట్ రైల్వే. చిన్న ఇంజను, చిన్న బోగీలు, రాతి గోడలు పెంకుల కప్పుతో ముచ్చటైన స్టేషన్లు. దొడ్డజాల, దేవనహళ్లి, నంది హాల్ట్‌లలో ఆ కట్టడాలు ఇంకా నిలిచే ఉన్నాయి. ఆ దారే తర్వాత బ్రాడ్‌గేజి అయి, కోలారు మీదుగా బంగారుపేట దాకా కలిసింది.

విమానాశ్రయం వచ్చిన పన్నెండేళ్లకు గానీ, పక్కనే పోతున్న ఈ పట్టాల మీద అక్కడొక రైలు ఆపుదామన్న ఆలోచన కార్యరూపం దాల్చలేదు. 2021 జనవరి 4న కెంపేగౌడ విమానాశ్రయ హాల్ట్ స్టేషన్ మొదలైంది. బెంగళూరు నుంచి పది, పదిహేను రూపాయల టికెట్టు. టాక్సీకి వెయ్యి పోసే చోట పదిహేను రూపాయలంటే ఎగబడాలి కదా? జనం పలచగానే ఎక్కారు. కారణం టికెట్టు ధర కాదు. స్టేషన్ నుంచి టెర్మినల్ మూడు కిలోమీటర్ల పైమాటే, నడుమ షటిల్ బస్సు. రోజుకు నాలుగైదు జతల రైళ్లు. విమానం అరగంట ఆలస్యమైతే తర్వాతి రైలుకు గంటల కొద్దీ చూడాలి. పెట్టెల్ని ట్రాలీ నుంచి బస్సులోకి, బస్సులోంచి ప్లాట్‌ఫారం మీదికి, అక్కణ్ణుంచి బోగీలోకి ఎత్తాలి. ఒక్క సంచి ఉన్న ఉద్యోగి ఓర్చుకుంటాడేమో గానీ, లగేజీగలవాడు మూడోసారి ఎత్తే దగ్గర టాక్సీ పిలుస్తాడు.

మనవాడి కష్టం ఇంకో మెట్టు ఎక్కువ. ఆ హాల్ట్ ఉన్నది చిక్కబళ్లాపురం దారిలో. అనంతపురం దారి యలహంక దగ్గరే చీలి దొడ్డబళ్లాపురం, గౌరీబిదనూరు, హిందూపురం మీదుగా పోతుంది. కాబట్టి విమానం దిగినవాడు ముందు దక్షిణానికి, బెట్టహలసూరు మీదుగా ఇరవై కిలోమీటర్ల లోపు యలహంకకు వెనక్కి పోయి, అక్కడ రైలు మారి, మళ్లీ ఉత్తరానికి రావాలి. దొడ్డబళ్లాపురం స్టేషన్‌కూ విమానాశ్రయానికీ మధ్య రోడ్డు మీద ఇరవై చిల్లర కిలోమీటర్లే. అంటే హిందూపురం రైళ్లన్నీ రన్‌వేకు అంత దగ్గరగా వచ్చి, పలకరించకుండా పోతున్నాయి.

డాలస్‌లో మనవాళ్లు, పెనుకొండలో కొరియా వాళ్లు

అనంతపురం జె.ఎన్.టి.యు.లో చదివి టెక్సాస్ చేరిన పిల్లల్ని అడిగితే డాలస్‌లో సంగతి చెబుతారు. 2014 ఆగస్టు 18న అక్కడి డార్ట్ లైట్ రైలు ఆరెంజ్ లైను డి.ఎఫ్.డబ్ల్యు. విమానాశ్రయం ‘ఏ’ టెర్మినల్ గుమ్మం దాకా వచ్చింది. నడిబొడ్డుకు యాభై నిమిషాల చిల్లర, మూడు డాలర్ల టికెట్టు. నాకు నచ్చేది వేగం కాదు, బోగీ నడిమి భాగం. పాత బోగీల మధ్యలో నేల కిందికుండే కొత్త భాగాన్ని అతికించారు. ప్లాట్‌ఫారం నుంచి పెట్టెను ఎత్తకుండా దొర్లించుకుంటూ ఎక్కొచ్చు. చక్రాల కుర్చీ వాళ్ల కోసం చేసిన ఏర్పాటు లగేజీ వాళ్లకూ అక్కరకొచ్చింది. డౌన్‌టౌన్‌లో దిగి హోటలు దాకా పెట్టె లాక్కుపోవచ్చు. సియాటెల్‌లో 2009 నుంచి లైట్ రైలు ఉంది గానీ, అక్కడ స్టేషన్ చేరాలంటే బహుళ అంతస్తుల పార్కింగ్ గుండా పెద్ద నడక నడవాలి.

ఇంతచేసి డాలస్ తెలుగువాళ్లలో ఆ రైలెక్కేది ఎందరు? మనవాళ్లు గుంపుగా ఇళ్లు కొనుక్కున్న ఫ్రిస్కో పట్టణం డార్ట్‌లో సభ్యత్వమే తీసుకోలేదు, కాబట్టి ఆ ఊరికి దాని పట్టాలు లేవు. ఊరి నుంచి వచ్చిన అత్తామామల్ని తీసుకుపోవడానికి అక్కడా కారే రావాలి. బామ్మర్ది, చిన్నాయన ఉండరు, అదొక్కటే తేడా.

తిరుగుదారిలో కొరియా వాళ్లు మన దగ్గరికి వస్తున్నారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక ఈ హైవే మీద కొరియన్ భోజనం దొరకడం కూడా చూశాం. ఆ ఇంజనీర్ల సొంత దేశంలో ఇంచియాన్ విమానాశ్రయం నుంచి సియోల్ స్టేషన్‌కు ఎక్స్‌ప్రెస్ రైల్లో 43 నిమిషాలు. అంతకంటే గొప్ప సౌకర్యం, సియోల్ స్టేషన్‌లోనే కొన్ని విమాన సంస్థలకు పెట్టె అప్పగించి బోర్డింగ్ పాసు తీసుకుని చేతులూపుకుంటూ రైలెక్కడం. అది విదేశీ వింత అనుకోనక్కర్లేదు. 2011లో మొదలైన ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌లో న్యూఢిల్లీ, శివాజీ స్టేడియం స్టేషన్ల దగ్గర ఈ ఏర్పాటు ఉంది. దేశంలో విమానాశ్రయం రైలు కట్టినవాళ్లలో లగేజీని మొదటినుంచీ లెక్కలోకి తీసుకున్నది వాళ్లే. అదే ఢిల్లీ లైను 2012లో వంతెన దిమ్మెల కింది బేరింగుల్లో లోపాలు తేలి ఆరునెలలు మూతపడింది కూడా. గొప్పలు చెప్పుకునేటప్పుడు అదీ చెప్పుకోవాలి.

ఇక పెనుకొండ స్టేషన్ సంగతి. అక్కడ కియా కార్లు గూడ్స్ రైలెక్కి ఉత్తరాదికి పోతాయి. వాటికి ర్యాంపు ఉంది, వేళ ఉంది, ఎత్తి దించే బాధ లేదు. ఆ కారు తయారుచేసిన కుర్రవాడు పండక్కి ఊరికి పోవాలన్నా, ఫ్యాక్టరీ యజమాని సియోల్‌కు విమానం పట్టుకోవాలన్నా రోడ్డే గతి.

పెద్దవి అడగక్కర్లేదు

మెట్రోను అనంతపురం దాకా పొడిగించండి అనే మాట కొందరు నాయకులు సభల్లో అనేస్తుంటారు. చప్పట్లు పడతాయి. 180 కిలోమీటర్ల మెట్రో ఏ దేశంలోనూ ఎవరూ వేయరని చప్పట్లు కొట్టేవాళ్లకూ తెలుసు. కావలసింది అంతకన్నా చవక, కానీ విసుగు పుట్టించే పని. రెండు టైం టేబుళ్లను పక్కపక్కన పెట్టి చూడడం. కర్ణాటక ఆర్టీసీ మైసూరుకు టెర్మినల్ గుమ్మం నుంచే ఫ్లైబస్ నడపడం 2013లో మొదలుపెట్టింది. పొట్టలో పెట్టెలు పెట్టుకునే బస్సు, వేళకు బయల్దేరుతుంది. తర్వాత ఇంకొన్ని ఊళ్లకూ వేశారు. మన ఊళ్ల మీదుగా బెంగళూరు పోయే బస్సుల్లో చాలావాటికి టెర్మినల్ దోవలో లేదు. హైవే పక్కన ఆగి పోతాయి. లోపలికి వచ్చి పోతే అరగంట. ఆ అరగంట కోసం రెండు రాష్ట్రాల ఆర్టీసీలు ఒప్పందం చేసుకుంటే చాలదా?

రైలు సంగతిలోనూ అంతే. హిందూపురం, పెనుకొండ స్టేషన్లు నైరుతి రైల్వే బెంగళూరు డివిజన్‌లో ఉన్నాయి. ధర్మవరం, అనంతపురం గుంతకల్లు డివిజన్‌లో ఉన్నాయి. విమానాశ్రయ హాల్ట్‌లో మెము రైలు ఏ వేళకు ఆగుతుందో, యలహంకలో అనంతపురం రైలు ఏ వేళకు వస్తుందో రెండు డివిజన్లూ ఒక చోట కూర్చుని ఎన్నడైనా చూశాయా అన్నది అనుమానమే. దొడ్డబళ్లాపురం నుంచి దేవనహళ్లి మీదుగా హోస్కోట దాకా శాటిలైట్ రింగురోడ్డు వెడల్పయింది. దొడ్డబళ్లాపురం స్టేషన్ ముందు నుంచి టెర్మినల్‌కు లగేజీ అరలున్న బస్సు ఒకటి తిప్పినా హిందూపురం వాళ్లకు వెనక్కి పోయే బాధ తప్పుతుంది. ఈ పనులకు శంకుస్థాపన ఉండదు, ఫొటో ఉండదు. అందుకే జరగవేమోనని నా అనుమానం.

రైలే ఎందుకు అనేవాళ్లకు ఒక జవాబు. అర్ధరాత్రి హైదరాబాద్ పోయే ప్రైవేటు బస్సులు అనంతపురంలో చాలావరకు ఊళ్లోకి రావు. తపోవనం దగ్గరో, బైపాస్‌లో ఇంకో చోటో దించి పోతాయి. అక్కణ్ణుంచి ఆటో బేరం, అదీ పెట్టెలు చూశాక పెరిగిన బేరం. రైలు మాత్రం ఊరి మధ్యకు తెస్తుంది. స్టేషన్ బయటికొస్తే క్లాక్‌టవర్, సప్తగిరి సర్కిల్, లాడ్జీలు, తెల్లవారుజామున పొగలు కక్కే ఇడ్లీ బండ్లు అన్నీ దగ్గరే. విమానాశ్రయం నుంచి నడిబొడ్డు హోటలు దాకా పట్టాల మీద అన్న సుఖం డాలస్‌కు ఎంతో అనంతపురానికీ అంతే, పట్టాలు ఆ చివరా ఈ చివరా ఉన్నాయి కూడా.

ఈలోగా పోవలసినవాళ్లు పోతూనే ఉండాలి కదా. పగలు దిగి, లగేజీ రెండు పెట్టెలు మించనివాళ్లు యలహంక దారి చూసుకోవచ్చు. కలబురగి వందేభారత్‌కు 2024 నుంచి యలహంకలోనూ అనంతపురంలోనూ ఆగడం ఉంది. మామూలు ఎక్స్‌ప్రెస్‌లు ఎలాగూ ఉన్నాయి, అనంతపురానికి మూడు గంటల చిల్లర. టెర్మినల్ నుంచి యలహంకకు టాక్సీ అయినా, లగేజీ అరలుండే వాయువజ్ర బస్సులో వీలైనంత దగ్గరికి పోయి ఆటో పట్టుకున్నా, అనంతపురం దాకా కారు బాడుగలో కొసరుకు సరిపోతుంది. నాలుగు చిన్న సంచుల కన్నా రెండు పెద్ద పెట్టెలు నయం, చేతులు రెండే కాబట్టి. టేపు చుట్టిన అట్టపెట్టెకు ఒక పక్క తాడుతో పిడి కట్టుకోండి, కువైట్‌లోనే. యలహంకలో రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలే. మనిషి ముందు ఎక్కి పెట్టె అందుకోవడం కాదు, పెట్టెను ముందు ఎక్కించి మనిషి వెనక ఎక్కాలి. తోడు వచ్చినవాళ్లు కింద నిలబడి చెయ్యూపడం తర్వాత, ముందు తొయ్యాలి.